గురువారం బరువు

"పేరు పెట్టి చెప్పనా, వద్దా అన్నా?" అన్నాడు భార్గవ్.

ఆదివారం రేసు అప్పుడే ముగిసింది. ఎవరూ ఇంకా హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఈశ్వర్ స్టీరింగు వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మన దగ్గర పేరు దాచి చాడీలు చెప్పే అలవాటు లేదుగా. చెప్పు" అన్నాడు.

"ధీరజ్."

డజను మంది వింటున్నారు.

"మూడు వారాలుగా అతని కారులో బరువు సున్నా. మూడు వారాలుగా గెలుస్తున్నదీ అతనే. గురువారం నత్తనడక, ఆదివారం రాకెట్టు. సారీ ధీరజ్, ఆఫీసులో నా టీమ్‌లో ఉన్నావని ఇక్కడ నోరు మూసుకోలేను. నేను చేసినా నువ్వు ఇలాగే అడగాలి."

భార్గవ్ చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడు అడిగితే కసిరి కూర్చోబెట్టొచ్చు, న్యాయంగా అడిగేవాడికి జవాబు చెప్పి తీరాలి.

సమఉజ్జీ అని పిలుచుకునే ఈ పందేలు ఈశ్వర్ మొదలుపెట్టినవే. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఊళ్ళలో ఉద్యోగాలు చేసేవాళ్ళూ, డార్మ్‌స్టాట్‌లో, ష్వైన్‌ఫర్ట్‌లో చదువుకునేవాళ్ళూ, ఎవరింట్లో వాళ్ళు కంప్యూటరు ముందు స్టీరింగు బిగించుకుని, తెర మీద ఒకే ట్రాకులో కార్లు పరిగెత్తిస్తారు. నెట్‌లో ఇలాంటి పందేలు కోకొల్లలు. అక్కడ డబ్బున్నవాడు ఖరీదైన సామాను కొంటాడు, తీరికున్నవాడు రోజంతా సాధన చేస్తాడు, రెండూ లేనివాడు వెనకాల దుమ్ము తింటాడు, ఓర్వలేనివాడు మొదటి మలుపులోనే పక్కవాడిని గుద్ది ఇకిలిస్తాడు. అవన్నీ చూసి ఒళ్ళు మండి ఈశ్వర్ తన పద్ధతి తెచ్చాడు. గురువారం సాయంత్రం ఎవరి వీలును బట్టి వాళ్ళు ఒంటరిగా కొన్ని చుట్లు తిరగాలి. ఎవరెంత వేగంగా తిరిగారో ఈశ్వర్‌కి ఒక్కడికే కనిపిస్తుంది. వేగంగా తిరిగినవాడి కారులో ఆదివారానికి ఎక్కువ కిలోల బరువు వేస్తాడు, నెమ్మదిగా తిరిగినవాడికి తక్కువ, అందరికన్నా వెనకబడ్డవాడికి సున్నా. ఎవరికెంత బరువో మాత్రం అందరికీ చెప్పేస్తాడు. అలా బరువులు వేశాక ఆదివారం అందరూ ఒకరి వెనక ఒకరు అంటుకుపోయినట్టే వెళ్తారు. ఆఖరి మలుపు దాకా గెలుపు ఎవరిదో చెప్పలేం. ఈ కట్టడమంతా ఒక్క దూలం మీద నిలబడింది. గురువారం ఎవరూ కావాలని నెమ్మదిగా నడపకూడదు.

ఇంకో రెండు ఆచారాలు కూడా ఈశ్వర్ పెట్టినవే. రేసుకు ముందు ఒక్కొక్కరూ తాము చేసిన తప్పు తామే పైకి చెప్పాలి. 'కిందటి వారం రిషితను తోసింది నేనే, నా తప్పు' అంటే చాలు. ఏమీ లేకపోతే 'నాది లేదు' అనాలి. వరసలో ఆఖరివాడు ఈశ్వర్. ఇక ఎవరిమీదైనా అనుమానం వస్తే ఎక్కడో కూర్చుని తీర్పు చెప్పడం కుదరదు. ఈశ్వర్ రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళాలి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని వాళ్ళు నడుపుతుంటే చూడాలి, చూసింది కారణంతో సహా అందరికీ చెప్పాలి. దీన్ని 'పక్క సీటు' అంటారు. ఆ తీర్పు నచ్చకపోతే ఫిర్యాదు చేసినవాడే రెండోసారి వెళ్ళి కూర్చోవచ్చు.

ఇంత పకడ్బందీగా కట్టినందుకు ఈశ్వర్‌కి లోలోపల గర్వమే. ఆఫీసులో అతని మాట చెల్లే చోటు పెద్దగా లేదు. ఇక్కడ మాత్రం ఈశ్వరన్న అన్నాడంటే ఇక దానికి తిరుగు లేదు.

"నేను మోసం చేస్తలేను" అన్నాడు ధీరజ్. గొంతులో కోపం లేదు. "గురువారం అలిసిపోయి ఉంటున్న. గంతే."

"అదే ఆఫీసులో నేనూ అలిసిపోతున్నాను బాస్" అన్నాడు భార్గవ్.

"సరే, ఇక ఆపండి" అన్నాడు ఈశ్వర్. "గురువారం నేను వస్తాను ధీరజ్. పక్క సీటు."

"రా అన్నా" అని ధీరజ్ అందరికన్నా ముందు వెళ్ళిపోయాడు.

"దొంగను పట్టుకోవడానికి వెళ్తూ స్వీటు పట్టుకెళ్ళడం మీ దగ్గరే చూశాను" అంది శ్రావ్య గురువారం సాయంత్రం, మైసూర్‌పాక్ డబ్బా భర్త ఈశ్వర్ సంచిలో పెడుతూ.

"దొంగో కాదో ఇంకా తేలలేదుగా."

"తేలాక డబ్బా వెనక్కి తెచ్చేస్తారా?"

ఈశ్వర్ నవ్వలేదు. ఎస్లింగెన్‌లో బండెక్కి, బాద్ కాన్‌స్టాట్‌లో మారి, బాక్‌నాంగ్‌లో దిగేదాకా అతనికి ధీరజ్ మీద కోపంగానే ఉంది. చేతిలో విద్య ఉన్నవాడు. మొదట్లో అందరికన్నా ఎక్కువ బరువు మోసినవాడు, మోస్తూ కూడా నవ్వినవాడు. అలాంటివాడికి ఈ కక్కుర్తి ఏం వచ్చింది?

వాన తుంపర పడుతోంది. ధీరజ్ వాళ్ళ బిల్డింగు ముందు అతని పార్కింగు చోటులో ఎవరిదో సైకిలు గొలుసు వేసి ఉంది. వారం వారం కారు తుడిచి మురిసిపోయే మనిషి.

"కారేదయ్యా?" అన్నాడు ఈశ్వర్ లోపలికి వస్తూనే.

"అమ్మేసిన అన్నా. ఎస్-బాన్ రైలు ఉంది గదా" అన్నాడు ధీరజ్. హాల్లోంచి గోడ పక్కగా నడిచి వచ్చాడు. గోడను పట్టుకున్నట్టు కాదు, దుమ్ముందేమో చూస్తున్నట్టు వేళ్ళు ఆనించి.

అతని భార్య అక్షయ చాయ్ తెచ్చింది. మైసూర్‌పాక్ డబ్బా అందుకుని "ఇవన్నీ ఎందుకన్నయ్యా" అంది గానీ కూర్చోలేదు. వాళ్ళ కూతురు సహస్ర పిల్లల బడి కిటా నుంచి అప్పుడే వచ్చినట్టుంది, రెయిన్‌కోటు కూడా విప్పకుండా కార్పెట్ మీద బోర్లా పడుకుని గుర్రానికి నీలం రంగు వేస్తోంది.

ధీరజ్ మేజా దగ్గర కూర్చున్నాడు. మేజా అంచుకి స్టీరింగు బిగించి ఉంది. పెడళ్ళు గోడకు ఆనించి, జారకుండా కింద యోగా చాప ముక్క వేశాడు. కుడికాలి సాక్సు విప్పి, పాదాన్ని చేత్తో ఎత్తి పెడల్ మీద పెట్టుకున్నాడు. ఈశ్వర్ కుర్చీ లాక్కున్నాడు.

మోసం చేసేవాడు ఎలా చేస్తాడో ఈశ్వర్‌కి కొట్టిన పిండి. బ్రేకు మామూలుగానే వేస్తాడు. మలుపు దాటాక యాక్సిలరేటరు రవ్వంత ఆలస్యంగా తొక్కుతాడు. అక్కడ ఎవరూ చూడరని. ధీరజ్ ఆ పని చెయ్యడం లేదు. మలుపు ఇంకా ఎంతో దూరం ఉండగానే బ్రేకు వేస్తున్నాడు. వేసే ముందు తల దించి కిందకి చూసుకుంటున్నాడు. తెర మీద కారు బాణంలా దూసుకుపోతుంటే మనిషి తన కాళ్ళకేసి చూసుకోవడమేమిటి?

ఇంకో చుట్టు. మళ్ళీ తల దించాడు. ఈసారి ఈశ్వర్ తెర వదిలేసి అతని పాదాన్నే చూశాడు.

పొడుగాటి దారి చివర, బండి వెనక్కి తిరిగే పెద్ద మలుపు దగ్గర, ఆ పాదం బ్రేకు మీది నుంచి పక్కకి జారింది. ధీరజ్‌కి తెలియలేదు. పళ్ళు బిగించి, తొడ బిర్రబిగించి, వట్టి చాపను తొక్కుతున్నాడు. కారు తిన్నగా వెళ్ళి కంకరలో దిగబడింది. దిగబడిన తర్వాత కూడా ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.

"పాపాస్ ఫూస్ ష్లెఫ్ట్ వీడర్" అంది సహస్ర, గుర్రం మీద నుంచి తలెత్తకుండానే. నాన్న పాదం మళ్ళీ నిద్రపోయిందట.

అక్షయ గబగబా వచ్చి పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఈశ్వర్‌కి తల కొట్టేసినట్టయింది. దారి పొడుగునా పడ్డ కోపమంతా ఏం చెయ్యాలో తెలియక చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొత్త కొలువుల చేరిన నెలకే మొదలైంది. ఎం.ఎస్. అంటరు. నరాల మీది పొర పోతదట. న్యూరోలోగె, అదే నరాల డాక్టరు, సూదులు రాసిండు, ఏసుకుంటున్న." ధీరజ్ పాదాన్ని చేత్తో తీసి కింద పెట్టుకున్నాడు. "పొద్దంత ఆఫీసుల ఉండి వస్తే సాయంత్రానికి ఈ కాలు ఉందో లేదో తెల్వది. ఆదివారం పొద్దంత పండుకుంట. అందుకే రేసు టైముకి మంచిగ ఉంటది. వారానికి ఆ ఒక్క గంట అన్నా."

"కారు అందుకేనా అమ్మింది?"

"రోడ్డు మీద ఎవరి పిల్లలన్న అడ్డమొస్తే? ఈడైతే కంకర్ల పడ్త, గంతే. నడపనీకి నాకు ఇదొక్కటే మిగిలింది."

ఈశ్వర్ కప్పు కింద పెట్టేశాడు. "చాలయ్యా. నువ్వు మోసం చెయ్యట్లేదని ఆదివారం నేనే చెబుతాను. ఎవడు నోరెత్తుతాడో చూస్తాను."

"కారణం అడుగుతరు."

"చెప్పను."

"కారణం చెప్పాలని రూలు పెట్టింది నువ్వే గదా. చెప్పకపోతే భార్గవ్ వచ్చి ఆ కుర్చీల కూసుంటడు. అది గూడ నువ్వు పెట్టిన రూలే." ధీరజ్ మాట ఎత్తిపొడుపులా లేదు, లెక్క చెబుతున్నట్టుంది. "నా ప్రోబెట్సైట్, గా ప్రొబేషను, ఇంకా అయిపోలే అన్నా. ఆరు నెలలు దాటితే రోగం ఉన్నోణ్ణి అంత అల్కగ తియ్యలేరు. ఈ లోపల అయితే రేపటి నుంచి రాకు అంటే గంతే, ఎందుకని చెప్పే పని గూడ లేదు. కొలువు పోతే ఈడ ఉండనిచ్చే బ్లూ కార్డు పోతది. ఇన్సూరెన్సు, ఈ సూదులు… అక్షయకు నిద్ర పడ్తలేదు."

"భార్గవ్ అలాంటివాడు కాదయ్యా."

"మంచోడే. మంచోడు పై వాళ్ళకు అబద్ధం చెప్తడా మరి?"

వంటింట్లో నుంచి సహస్ర జర్మన్‌లో ఏదో పాట పాడుతోంది.

"నేనే చెప్త" అన్నాడు ధీరజ్. "ఆదివారం నా వంతు వచ్చినప్పుడు, కావాలనే మెల్లగ నడిపిన, నా తప్పు అని చెప్త. ఈ పందేల నుంచి పోత. దొంగను ఎవరూ ఒంట్లో ఎట్లుందని అడగరు."

"భార్గవ్ నీ టీమ్ లీడు. రోజూ మొహం చూడాలి."

"గేముల దొంగతనం అన్నా ఇది. నాలుగు రోజులు మొఖం తిప్పుకుంటడు. గంతే గదా."

గంతే గదా అని ఈశ్వర్ కూడా అనుకున్నాడు. ఇద్దరు తెలివైనవాళ్ళు ఆ చిన్న హాల్లో కూర్చుని, ఒక నిజాయితీపరుడు మోసాన్ని ఎంత లోతుగా పట్టించుకుంటాడో మరిచిపోయారు. తామూ అలాంటివాళ్ళే అయివుండి.

"నువ్వు జర అవునను అన్నా, గంతే" అన్నాడు ధీరజ్. మైసూర్‌పాక్ డబ్బా అతను వద్దన్నా ఈశ్వర్ అక్కడే వదిలేసి వచ్చాడు.

ఆదివారం వరస మొదలైంది. డార్మ్‌స్టాట్‌లో చదువుకునే రిషిత, బయలుదేరేటప్పుడు గీత దాటింది తనేనని చెప్పింది. భార్గవ్ పసుపు జెండా చూసి కూడా వేగం తగ్గించనందుకు నా తప్పు అన్నాడు. అలాంటి చిన్న తప్పును కూడా వదలడు అతను.

"ధీరజ్" అన్నాడు ఈశ్వర్.

"గురువారాలు కావాలనే మెల్లగ నడిపిన. బరువు పడొద్దని." అతని కుర్చీ కిర్రుమంది. "నా తప్పు."

ఎవరో "అబ్బా" అన్నారు. ఈశ్వర్ కళ్ళు మూసుకున్నాడు. ఆ మనిషి అక్కడ ఆడిన అబద్ధం అదొక్కటే, అది కూడా తన మీద తనే.

"పక్కన కూర్చుని నువ్వూ చూశావా అన్నా?" అడిగాడు భార్గవ్. "నాకు నీ మాట కావాలి."

"చూశాను" అన్నాడు ఈశ్వర్. "అతను చెప్పింది నిజమే."

ధీరజ్ పేరు తెర మీద నుంచి పోయింది. అతనే తీసేసుకున్నాడు. మిగిలినవాళ్ళు వరసగా చెప్పుకుంటూ వచ్చారు. ఆఖరికి వంతు ఈశ్వర్‌ది.

"నాది లేదు" అన్నాడు.

ఆ రోజు రేసు సమఉజ్జీ చరిత్రలోనే లేనంత బిగువుగా జరిగింది. ఆఖరి మలుపులో అయిదు కార్లు పక్కపక్కనే వచ్చాయి, ఒకదానికొకటి గోరంత కూడా తగల్లేదు. గెలిచిన రిషిత ఏడుపూ నవ్వూ కలిపి అరిచింది. పందెం అంటే ఇదీ అన్నారు అందరూ. బరువులు ఇంత కచ్చితంగా వెయ్యడం ఈశ్వరన్నకే చెల్లిందన్నారు. ఈశ్వర్ హెడ్‌ఫోన్లు తీసి మేజా మీద పెట్టాడు. అవి అక్కడి నుంచి కూడా పొగుడుతూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ఈశ్వర్ తన ఆఫీసు మెట్ల దగ్గర ఉండగా భార్గవ్ ఫోను వచ్చింది.

"థాంక్స్ చెబుదామని అన్నా. నాకు పెద్ద హెల్ప్ చేశావ్ నువ్వు."

"నేనేం చేశాను?"

"ధీరజ్ ప్రోబెట్సైట్ మీద ఈ వారం నా ఒపీనియన్ ఇవ్వాలి. పని బాగా చేస్తాడు, ఈమధ్య కొంచెం స్లో అయ్యాడు. పోనీలే, ఉంచుదాం అనే అనుకున్నా. ఇప్పుడు క్లియర్ అయిపోయింది."

ఈశ్వర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "గేములో చేసిన దానికా భార్గవ్?"

"గేమని కాదన్నా. మేం రాసేది బండి బ్రేకులకి సాఫ్ట్‌వేర్. టెస్టు ఫెయిలైతే ఫెయిలైందని చెప్పే మనిషి కావాలి నాకు. ఎవరూ చూడట్లేదని నంబరు మార్చేవాణ్ణి ఎలా పెట్టుకోను? రేపు ఏదైనా అయితే ఎవరి ప్రాణం పోతుందో. నాకూ రాత్రి నిద్ర పట్టలేదు, పిల్ల ఉంది వాళ్ళకి. కానీ నువ్వయినా ఇదే చేస్తావు కదా?"

చేస్తాడు. ఈశ్వర్ ఆ కుర్చీలో ఉంటే సరిగ్గా ఇదే చేస్తాడు. అదే అతని గుండెని పిండింది. భార్గవ్ తప్పు మాట ఒక్కటీ అనడం లేదు. అనుంటే పోట్లాడేవాడు. నిజం చెబితే ధీరజ్ రోగం బయటపడుతుంది, చెప్పకపోతే దొంగతనం నిలబడుతుంది. రెండు దారుల చివరా అదే బాక్‌నాంగ్ ఇల్లు, అదే సూదులు, నిద్రపట్టని ఆ ఇల్లాలు. మూడో దారి ఏదైనా ఉందా అని వెతికాడు. ఒకటి ఉంది. అది తన ఇంటి మీదుగా పోతోంది.

"భార్గవ్, ధీరజ్ గురువారం టైములు నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు. అవి నీకొక్కడికేగా కనిపించేది."

"అవును. నాకొక్కడికే." ఈశ్వర్ ఫోను చెవికి అదుముకున్నాడు. "వాడు నెమ్మదిగా నడపలేదయ్యా. ఎప్పటిలాగే నడిపాడు. బరువు సున్నా వేసింది నేను."

అవతల ఏదో కాఫీ మిషను చప్పుడు చేసి ఆగింది.

"ఏమంటున్నావ్?"

"కొత్త ఉద్యోగం, తంటాలు పడుతున్నాడు, నాలుగు రేసులు గెలిస్తే సంతోషపడతాడనిపించింది. చేశాను. నువ్వు అడిగేసరికి భయమేసింది. పక్క సీటుకని వెళ్ళింది చూడ్డానికి కాదు, నా పరువు కాపాడమని బతిమాలడానికి. వాడు సరేనన్నాడు."

"నీ మీద పడకూడదని… తన మీద వేసుకున్నాడా? నేనెదురుగా ఉంటే? ప్రోబెట్సైట్‌లో ఉండి?"

"అవును."

భార్గవ్ "ఛీ" అన్నాడు. అరవలేదు, మెల్లగానే అన్నాడు. "మూడేళ్ళుగా నీ మాట మీద నడుస్తున్నాం అన్నా. ఆ రిషిత నిన్ను చూసి నేర్చుకుంటోంది. నేనేమో అతణ్ణి తీసేయబోయాను, తెలుసా నీకు? ఇంకో గంటయితే మెయిల్ పంపేసేవాణ్ణి."

"తెలిసింది."

"ఆదివారం అందరి ముందూ చెప్పాలి. నువ్వు పెట్టిన రూలే."

"చెబుతాను" అన్నాడు ఈశ్వర్.

చెప్పాడు కూడా. ఈసారి వరస తననుంచే మొదలుపెట్టించాడు. "బరువులు తప్పు వేశాను. తెలిసే వేశాను. దాచాను. నా తప్పు." ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రిషిత మాత్రం "మీరా అన్నా?" అంది, చిన్న గొంతుతో. దానికి జవాబు చెప్పకుండా అతను తన పేరు తీసేసుకున్నాడు.

హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి వెనక్కి తిరిగితే గుమ్మంలో శ్రావ్య ఉంది. అంతా విన్నట్టుంది. ధీరజ్ దంపతులూ ఈశ్వరూ కాక నిజం తెలిసింది ఆమె ఒక్కతికే.

"ఇంక వాళ్ళు మీ మొహం చూడరు" అంది.

"చూడరు."

"పిచ్చి మనిషి" అంది, అని అతని తల ఒకసారి గట్టిగా నిమిరి వెళ్ళిపోయింది. ఈశ్వర్‌కి అప్పుడు ఏడుపొచ్చింది.

సమఉజ్జీని ఇప్పుడు భార్గవ్ నడుపుతున్నాడు. ధీరజ్‌కి క్షమాపణ చెప్పి తిరిగి రమ్మన్నాడు. పిల్లతో తీరడం లేదని ధీరజ్ తప్పుకున్నాడు. అతని ఉద్యోగం ప్రస్తుతానికి ఉంది. కాలు కూడా ప్రస్తుతానికి ఉంది.

గురువారం సాయంత్రం ఈశ్వర్ ఇంకెవరూ రాని ఒక ట్రాకు తెరిచాడు. తెర మీద రెండే పేర్లు.

"నా గురువారం టైములు భార్గవ్‌కు దొరకకుండ తీసేసినవా అన్నా?" అన్నాడు ధీరజ్.

"అదే రోజు."

"ఎందుకు జేసినవ్? నేను అడగలే గదా నిన్ను."

"కోపమా?"

"కోపమే" అన్నాడు ధీరజ్. నిజంగానే కోపంగా ఉంది గొంతు. "మంచిగున్న ఒక్క జాగ గూడ ఖరాబైపాయె. నా ఒక్కనితోని పోయేది."

ఈశ్వర్ స్టీరింగు పట్టుకుని బయలుదేరాడు.

మొదటి చుట్టు తిరిగారు. ధీరజ్ మలుపుకి ఎంతో ముందే బ్రేకు వేస్తున్నాడు. ఈశ్వర్ ఎంత చూసుకుని నడిపినా ముందుకు వెళ్ళిపోతున్నాడు. కావాలని నెమ్మదిగా నడపడం అతనికి చేతకాదు. చేతనైనా ధీరజ్ ఇట్టే పసిగట్టేస్తాడు. ఈశ్వర్ బండి ఆపి, తన కారులో బరువు వేసుకునే చోటుకి వెళ్ళాడు. తెర మీద ఒక గీత, గీత మీద ఒక బొత్తాము. దాన్ని కుడివైపుకి జరిపి మళ్ళీ బయలుదేరాడు. చాల్లేదు. ఇంకొంచెం జరిపాడు. అప్పుడు పొడుగాటి దారిలో రెండు కార్లూ పక్కపక్కనే వచ్చాయి, అద్దానికి అద్దం ఆనేంత దగ్గరగా.

"ఎంత ఏసినవ్?" అన్నాడు ధీరజ్.

"నీకెందుకు? తొక్కు."

ధీరజ్ నవ్వాడు. నెలల తర్వాత ఆ నవ్వు వినడం. పెద్ద మలుపు దగ్గర అతను తల దించి కిందకి చూసుకుని ఉంటాడు, ఎందుకంటే ఆ క్షణం అతని కారు రవ్వంత ఊగింది. ఈశ్వర్ చోటు ఇచ్చాడు. ఇద్దరూ కలిసే మలుపు దాటారు.

చుట్టు పూర్తయ్యాక, పై గురువారానికి కావలసి వస్తుందని, ఈశ్వర్ ఆ గీతను ఒకసారి చూసుకున్నాడు. బొత్తాము సగం దాటిపోయింది. ఆ చివరికి ఇంకా కాస్త చోటుంది.